గేటు ముందు కుర్చీ

ఏప్రిల్ 28

మా పేట ఆరోగ్య కేంద్రంలో ఆగకుండా పనిచేసేది ఒక్కటే, నర్సు రూప నోరు. డాక్టరు పోస్టు ఖాళీ. రక్తం పరీక్ష చేసే మనిషిని ఇంకెక్కడికో పంపేశారు. బి.పి. మిషన్ పట్టీ చినిగి ఏడాది దాటింది, గాలి కొడితే బుస్సుమని పోతుంది. నాజ్నీన్ అక్కను తీసుకుపోతే రూప కార్డు తిప్పి చూసి బల్ల మీదికి తోసింది. "ఇది ఎమ్మిగనూరు కార్డు. ఆడ రాయించుకొని ఈడికొస్తే నేనేం సేయాల? ఆడికే పొండి."

తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి రాకుండా ఎక్కడికి పోతుంది? ఈమె పోలేదా? అదే అడిగాను. గట్టిగానే అడిగాను. టీకాలకు వచ్చిన తల్లులంతా తిరిగి చూశారు. ఊరుకొని రమ్మని అక్క నా చొక్కా పట్టుకొని లాగింది.

"సుమ్నె రాప్పా అజ్మల్. జనం సూస్తాండారు."

చూడనీ. ఇన్నేళ్ళూ చూడకపోబట్టే ఇట్లా ఉంది.

ప్రెస్సులో కాగితం కోసేది నేనే. కూలీల సంఘానిది, టీచర్లది, పింఛనుదార్లది, ఎవరి కరపత్రమైనా కట్టర్ కింద పెట్టే ముందు ఒకటి జేబులో వేసుకుంటాను. పదో తరగతి తర్వాత నా చదువంతా అదే. పోయిన నెల వచ్చినదాంట్లో ఒక మాట ఉంది. పేదవాడి ఒళ్ళు బాగు చూడటం మున్సిపాలిటీ చేసే పుణ్యం కాదు, వీధిదీపం వెలిగించినట్టే అదీ దాని పని, అని. ఆ మాట చదివినప్పటి నుంచి నాకు కుదురు లేదు.

మే 2

అక్క కాళ్ళు వాచాయి. నాయన చెప్పులు వేసుకొని తిరుగుతోంది. పుట్టింటి నీళ్ళు పట్టినాయి, కాన్పు అయితే అదే దిగుతుంది అంటుంది అమ్మ. పేటలో ముసలమ్మలందరిదీ అదే మాట, పైగా సంతోషం.

ఆశా కార్యకర్త సుంకులమ్మ వచ్చి వేలితో అక్క పాదం నొక్కి చూసింది. గుంట పడింది. అది పూడేదాకా చూస్తూ కూర్చుంది. బి.పి. చూపించాలి, ఆలస్యం చేయొద్దు అంది. ఎక్కడ చూపించాలి అని అమ్మ అడిగితే తల దించుకుంది.

మే 3

ఎమ్మిగనూరు పోయి వచ్చాం. బస్సులో అక్కకు సీటు దొరికేసరికి సగం దూరం అయిపోయింది.

అక్కడ అక్క పేరు రాసిన కేంద్రంలో ఒక అమ్మాయి చెప్పింది, నెల దాటి ఆదోనిలో ఉంటే ఆ ఊరి వాళ్ళే చూసుకోవాలట. ఆ ఊరేమో ఈ ఊరికి పొమ్మంటుంది. మిషన్ అడిగితే సిస్టరు మీటింగుకు తీసుకుపోయింది, రేపు రండి అంది. బావ మగ్గం దిగి పరిగెత్తుకొచ్చాడు. ఆయన ఎవరినీ ఏమీ అడగడు. చెరకురసం తెచ్చి అక్కకు తాగించి, నా వైపు చూసి, "నువ్వే సూసుకోవాల అజ్మల్" అన్నాడు.

తిరుగు బస్సులో అక్క ఆ రసమంతా వాంతి చేసుకుంది. కళ్ళ ముందు మిణుగురులు ఎగురుతున్నాయంది. ఎండ అన్నాను.

మే 4

రామన్న వచ్చాడు. పాత కౌన్సిలరు. నాయన కుడుతున్న పరుపు మీదనే కూర్చున్నాడు. తాను ఒక్క ఫోన్ కొడితే పెద్దాసుపత్రి డాక్టరమ్మ రేపు పొద్దున్నే చూస్తుందట. నాయన సూది పక్కన పెట్టి రెండు చేతులూ జోడించాడు.

మా నాయన గఫూర్ సాబ్ అంటే ఈ పేటలో పరుపులు కుట్టే మనిషి, అంతే. ఆ చేతులు అట్లా జోడించడం నేను చూడలేకపోయాను. ఫోన్ కొడితే చూసేదాన్ని వైద్యం అనరన్నా, దయ అంటారు, మాకు దయ వద్దు అన్నాను.

రామన్నకు కోపం రాలేదు. నవ్వాడు. "మీవోడు లీడరైతాడు సాబ్, రాసిపెట్టుకో" అని లేచి పోయాడు.

 సాయంత్రం నాయన దూది సర్దుతూ అన్నాడు: "నీ మాటలు పెద్దవైనాయి. మీ అక్క కాళ్ళు కూడా పెద్దవైతాండాయి. అవీ సూడు."

మే 5

కరపత్రం రాశాను. నా సొంతం, ప్రతి అక్షరం. రాఘవేంద్రన్న కంప్యూటర్లో పేర్చి ఇచ్చాడు. ప్రెస్సులో ఆయన అక్షరాలు కూర్చుతాడు, నేను కోస్తాను. పేట యువకుల సంఘం పేరు పెట్టినవాడు కూడా ఆయనే. 'మా పేటకు డాక్టరు ఎక్కడ?' అని పైన. బుధవారం గర్భిణుల రోజు కాబట్టి ఆ రోజే ధర్నా, గేటుకు తాళం. అన్న చదివి, "మంట ఉందిరా దీంట్లో" అన్నాడు.

సుంకులమ్మ మళ్ళీ వచ్చింది. రాత్రి నుంచి తలనొప్పి అని అక్క ఆమెతో చెప్పింది. ధర్నా సంగతి తర్వాత, ముందు నాజ్నీన్ పాపను పెద్దాసుపత్రికి తీసుకుపో అంది. ఆమెకు నేను వివరంగా చెప్పాను. అందరం పెద్దాసుపత్రికి పరిగెత్తబట్టే ఈ కేంద్రం పాడుబడింది. ఇక్కడ కావాల్సింది ఇక్కడే అడగాలి. బుధవారం ధర్నా అయిపోగానే అక్కను నేనే తీసుకుపోతాను. ఇంతలో ఏమవుతుంది?

ఆమె విన్నది. విని, "ధర్నా నీదప్పా. తలనొప్పి పాపది" అని పోయింది.

సర్కారు జీతం కోసం చూసేవాళ్ళకు ఇంతకంటే తెగింపు ఎట్లా వస్తుంది.

మే 6

తాళం కొన్నాను. సుత్తితో కొట్టినా వదలదన్నాడు అంగడాయన.

మే 7

(ఏమీ రాయలేదు.)

మే 9, కర్నూలు

అక్కకు ఇంకా తెలివి రాలేదు. బిడ్డ లేడు. మగబిడ్డ.

రాయాలి. ఇప్పుడే రాయకపోతే రేపటికి ఇంకోలా గుర్తుంటుంది నాకు.

అమ్మ తెల్లవారే లేచి అందరికీ చిత్రాన్నం కలిపింది. కొడుకు ధర్నా కదా. శామియానా వేశాం. అక్క మొదట రానంది, తల పోటుగా ఉందంది. నువ్వు మాట్లాడక్కర్లేదు, కూర్చుంటే చాలు, మా ఉపన్యాసాలన్నీ నీ ముందు దిగదుడుపే అన్నాను. వచ్చింది. కొత్త చీర కట్టుకొని వచ్చింది.

కుర్చీ శామియానా నీడలోనే వేశాను మొదట. పేపరాయన ఫోటోలో గేటు, తాళం, మనిషి మూడూ పడటం లేదన్నాడు. గేటు ముందుకు జరిపాను. అక్కడ ఎండ.

కేంద్రంలో వాళ్ళను బయటికి రమ్మన్నాం. రూప గొణుక్కుంటూ వచ్చి గోడ పక్కన నిలబడింది. తాళం వేశాను. మా వైపు ఇది కొత్త కాదు. నీళ్ళు రాకపోతే నీళ్ళ ఆఫీసుకు వేస్తారు, కరెంటు లేకపోతే కరెంటు ఆఫీసుకు. పొద్దు వాలేసరికి ఎవరో ఒక అధికారి వచ్చి మాటిస్తాడు, తాళం తీస్తారు. తాళంచెవి జేబులో పెట్టుకోవడం రివాజు. అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

డాక్టరు వచ్చేదాకా ఈ గేటు తెరుచుకోదు అని చెప్పి, తాళంచెవి మురిక్కాలవలోకి విసిరేశాను.

అన్ని చప్పట్లు నా జన్మలో వినలేదు.

అక్క నన్ను దగ్గరికి పిలిచింది. తల పగిలిపోతోంది, ఇంటికి పోదామా అంది. కొంచెంసేపక్కా, కమిషనరు బయలుదేరాడట అన్నాను. సరే అంది.

రాఘవేంద్రన్న మాట్లాడుతున్నాడు. అప్పుడు కుర్చీతో సహా పక్కకు పడింది. కళ్ళు పైకి పోయాయి, పళ్ళు గిట్టకరుచుకున్నాయి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. జనాన్ని తోసుకుంటూ మొదట వచ్చింది రూప. అక్కను పక్కకు తిప్పి పట్టుకుంది. తల ఎత్తి, నన్ను చూసి కాదు, అందరినీ చూసి అరిచింది.

"సూది లోపలుంది. తాళం తీయండ్రా."

అందరూ నా వైపు తిరిగారు.

కాలవలోకి దిగాను. దూది చెత్త, బురద, చేతికి ఏదీ తగలదు. రాళ్ళతో కొట్టారు. అంగడాయన అబద్ధం చెప్పలేదు. చివరికి ఎవరో పంక్చర్ షాపు నుంచి గడ్డపార తెచ్చారు. ఎంతసేపు పట్టిందో రాయను.

రూపే సూది వేసింది. అంబులెన్సు ఎక్కించే వేళకు అమ్మ ఇంటి నుంచి పరిగెత్తుకొచ్చింది. అంబులెన్సులో పెద్దాసుపత్రికి, అక్కడి నుంచి కర్నూలుకు. దారంతా నా ఒంటి మీద కాలవ కంపు. అమ్మ కొంగు ముక్కుకు కూడా అడ్డం పెట్టుకోలేదు.

మే 10

కడుపుతో ఉన్నప్పుడు బి.పి. పెరిగి వచ్చే మూర్ఛ ఇది, గుర్రపు వాతం అంటారట. డాక్టరు చెప్పాడు, ముందే బి.పి. చూసి మాత్రలు వేసి ఉంటే ఇంతదాకా రాదు అని. ముందే అన్నాడు. ముందే అంటే తాళానికి ముందు. అంటే మిషన్ వల్ల. అంటే మున్సిపాలిటీ వల్ల.

మూర్ఛ వచ్చాక ఎంతసేపటికి సూది పడింది అని కూడా అడిగాడు. వెంటనే అన్నాను.

మే 11

తాళం వల్ల కాదు.

మే 12

అక్క కళ్ళు తెరిచింది. మిట్టమధ్యాహ్నం. "లైటెయ్యిమా" అంది. అమ్మ నా వైపు చూసింది. కిటికీలోంచి ఎండ అక్క ముఖం మీదే పడుతోంది.

ఒక్కోసారి చూపు అట్లా పోతుందట, తిరిగి వస్తుందట. ఎప్పుడు అంటే చెప్పలేమన్నారు. బిడ్డ సంగతి అమ్మ చెప్పింది. నేను వరండాలోకి పోయాను.

బావ ఆ రోజే బిడ్డను తన మగ్గం మీద నేసిన తువ్వాలలో చుట్టుకొని ఎమ్మిగనూరు తీసుకుపోయాడట. ఇవాళ మళ్ళీ వచ్చాడు. నన్ను ఏమీ అడగలేదు. ఆయన అడిగే మనిషి కాదు. అదే నన్ను తింటోంది.

మే 14

రాఘవేంద్రన్న ఫోన్ చేశాడు. కేంద్రానికి కొత్త బి.పి. మిషన్ వచ్చిందట. డాక్టరును వేశారట, రోజూ రావాలని ఆర్డరు. రక్తపరీక్షల మనిషి కూడా తిరిగి వచ్చాడట. గెలిచాంరా అన్నాడు. గెలుపు కరపత్రం ఫోన్‌కు పంపాడు. 'పసిబిడ్డ ప్రాణమిచ్చి తెరిచిన తలుపు' అని పైన.

వాక్యం బాగుందనిపించింది. నాకే అనిపించింది, ఇక్కడ, అక్క మంచం పక్కన కూర్చొని. ఫోన్ బోర్లించి పెట్టాను.

మే 16

పొద్దున నీళ్ళు తాగిస్తుంటే అక్క నా వైపు చాలాసేపు చూసింది.

"నీ సొక్కాకు గుండీ ల్యా" అంది.

అమ్మ నేల మీద కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. వార్డంతా ఏమైందో అని లేచి కూర్చుంది.

మే 20, ఆదోని

ఇంటికి వచ్చాం. పరామర్శకు జనం. నన్ను చూడగానే గొంతు తగ్గించుకుంటున్నారు, గౌరవం అనుకోవాలేమో. రామన్న కూడా వచ్చాడు. నాయన భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. నాతో ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

అమ్మ రూపను శపిస్తోంది. లేచినప్పుడు ఒకసారి, అన్నం ముందు ఒకసారి. దాని చేతులు పడిపోను, అంటుంది. అమ్మ ఆ రోజు ఇంట్లో చిత్రాన్నం గిన్నెలు కడుగుతోంది, అక్కడ లేదు. పేటలో చెప్పిందే నమ్మింది. తాళం వేయగానే నర్సు ఇంటికి పోయింది, గేటు తెరిచాక సూది వేసేవాళ్ళు లేక ఆలస్యమైంది, ఇదీ పేటలో మాట. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. నేను కాదు. నేను కాదనలేదు, అంతే.

మే 22

సుంకులమ్మ చెప్పింది. రూపకు మెమో వచ్చింది. ఉద్యోగం పోవచ్చు.

ఆమె మంచిదేం కాదు. కార్డు విసిరేసింది. మొదటి రోజే ఎవరి మిషనో అరువు తెచ్చి ఒక్కసారి చూసి ఉంటే? ఎమ్మిగనూరుకు తోలింది ఆమే కదా? ఆమెకు శిక్ష పడకూడదా?

పడాలి.

కానీ ఆ రోజు అక్క తల ఆమె ఒడిలో ఉంది.

మే 25

రేపు విచారణ. ఆఫీసరు వస్తాడు. రాఘవేంద్రన్న ఇంటికి వచ్చి పక్కకు పిలిచాడు. తాళంచెవి విషయం ఎవరూ ఎత్తకూడదు, నర్సు లేదు అన్నది ఒక్కటే మాట, అందరూ ఒప్పుకున్నారు అన్నాడు. 

"నువ్వు నిజం సెప్తే ఏమైతాదో తెల్సునా? ధర్నా సేసినోళ్ళే సంపినారు అంటారు. మిషన్ లేనిది ఎవురూ అడగరు. రేపు ఇంకో ఊర్లో ఎవుడూ గేటు ముందర కూసోడు. ఒక నర్సు కోసరం అంతా పోగొట్టుకుందామా?"

ఆయన చెప్పింది అబద్ధం కాదు. అక్షరం అక్షరం జరుగుతుంది అట్లాగే. అదే నన్ను నిలవనివ్వడం లేదు.

నాయన పరుపు కుడుతూ అంతా విన్నాడు. దారం తెంపాడు, మళ్ళీ ఎక్కించుకున్నాడు.

మే 26

చెప్పాను.

కేంద్రం వరండాలో బల్ల వేసుకొని కూర్చున్నాడు ఆఫీసరు. నాకు ముందు నలుగురు నర్సు లేదనే చెప్పారు. రూప గోడ పక్కన నిలబడి ఉంది, ఆ రోజు నిలబడిన చోటే. నా వంతు వచ్చింది. ఆమె అక్కడే ఉంది, ఎక్కడికీ పోలేదు, సూది వేసింది ఆమే అన్నాను. తాళం నాది, తాళంచెవి పారేసింది నేను అన్నాను. ఆఫీసరు వంచిన తల ఎత్తకుండా రాసుకున్నాడు. చాలా శ్రద్ధగా రాసుకున్నాడు.

తర్వాత చెప్పాను. ఏడాదిగా బి.పి. మిషన్ లేదు, డాక్టరు లేడు, మా అక్కను ఈ ఊరు ఆ ఊరికి, ఆ ఊరు ఈ ఊరికి తోసింది, మొదటి రోజే చూసి ఉంటే ఇంతదాకా రాదని కర్నూలు డాక్టరు అన్నాడు, అది కూడా రాసుకోండి అన్నాను.

పెన్ను మూత పెట్టేశాడు. "అది ఈ విచారణలోకి రాదు బాబూ" అన్నాడు. సంతకం పెట్టమన్నాడు.

రెండూ నిజమే సార్ అన్నాను. గొంతు లేచింది. రెండూ రాసుకోకపోతే సంతకం పెట్టను అన్నాను. పెట్టకపోయినా పర్వాలేదు, ఇంతమంది విన్నారు అన్నాడు. రాఘవేంద్రన్న నా పక్కనుంచే పోయాడు, గోడ పక్కనుంచి పోయినట్టు. రూప కూడా నా వైపు చూడలేదు. ఎందుకు చూడాలి?

కేసు పెడతారంటున్నారు. పెట్టనీ.

మే 27

అమ్మకు ఎవరో చెప్పారు నిన్నటి సంగతి. నాకు అన్నం పెట్టింది. పెట్టి, ఎదురుగా కూర్చోలేదు.

పొద్దున అమ్మ కుళాయికి పోయినప్పుడు అక్క పిలిచింది. గోడకు ఆనుకొని కూర్చుంది. ఇంకా నీరసంగానే ఉంది. నిన్న ఏం చెప్పావు, అంతా చెప్పు అంది. చెప్పాను. తాళంచెవి సంగతి. కుర్చీ ఎండలోకి జరిపిన సంగతి, ఫోటో కోసమని. ఇంటికి పోదామంటే కొంచెంసేపు అన్న సంగతి. తిట్టక్కా అన్నాను. కొట్టమన్నాను.

అక్క వాకిలి వైపు చూసింది, ఎవరూ లేరు.

"ఆడ కూసున్నాక తల నొస్తాందని నీకు ఒకసారే సెప్పినా. కండ్లు కూడా మసకలు కమ్మినాయి అప్పుటికే. రెండోసారి సెప్పబుద్ధి కాల్యా. అంతమంది నీ మాట ఇంటాండారు. మన నాయన మాట ఈ పేటలో ఎవురన్నా ఇన్న్యారా ఎప్పుడన్నా? ఇంకొంచెంసేపు కూసుందాంలే, సూద్దాం అనుకొన్యా. కడుపులో వాడు కదల్యా. నిద్రపోయింటాడులే అనుకొన్యా."

మళ్ళీ ఒకసారి వాకిలి వైపు చూసి, గొంతు తగ్గించింది.

"ఈ మాట మీ బావకు తెలీకూడదప్పా. ఎండలో ఎవురు కూసోమన్న్యారని వాళ్ళమ్మ అప్పుడే అంటాందంట. నీదే తప్పని సెప్పు. నువ్వు మొగోనివి, ఓర్సుకుంటావు. నాది కూడా అంటే నన్ను మళ్ళా తీస్కపోరు."

చెప్పను అన్నాను. ఒట్టు పెట్టమంది. చేతిలో చెయ్యి వేశాను. చల్లగా ఉంది, కర్నూలులో ఉన్నట్టే.

అమ్మ బిందె దించి, ఇద్దరినీ చూసి, ఏం మాట్లాడుకుంటాండారు అని అడిగింది.

"ఏం ల్యాదుమా" అంది అక్క. "వాడు తప్పు ఒప్పుకుంటాండాడు."